బల్ల మీద సిరిమాను: స్టాప్ మోషన్ స్టూడియో యాప్‌పై సమీక్ష

బొమ్మను కాస్త కదిపి ఒక ఫొటో, మళ్లీ కాస్త కదిపి మరో ఫొటో తీసి, వాటన్నిటినీ వేగంగా వరుసలో చూపించి బొమ్మ తనంతట తానే కదులుతోందనిపించే స్టాప్ మోషన్ విద్యను ఇంట్లోనే మొదలుపెట్టాలనుకునేవారికి, మొదటి పనిముట్టుగా నేను సూచించేది కేటీటర్ సంస్థ రూపొందించిన స్టాప్ మోషన్ స్టూడియో అనే యాప్. ఇది ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఐఫోన్లలోనూ ఉచితంగా దొరుకుతుంది. కొన్ని అదనపు సౌకర్యాలకు మాత్రం డబ్బు చెల్లించాలి. విజయనగరంలో మా మేడ మీది గదిలో, మా అక్క కొడుకుతో కలిసి, పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగింపును (పొడవాటి చింతమాను కొసన పూజారి కూర్చుని ఊరేగే మా ఊరి ఉత్సవం) మట్టిబొమ్మలతో చిన్న వీడియోగా తీయడానికి దీన్ని వాడాను. ఆ అనుభవంతో నేను నిక్కచ్చిగా చెప్పగలిగింది ఒకటుంది: కొత్తవారికి కావలసిన ముఖ్యమైన సౌకర్యాలు ఉచిత భాగంలోనే ఉన్నాయి. ఖర్చు పెట్టదలచుకుంటే ఆ డబ్బును ముందుగా దీపాల మీద, ఫోనును కదలకుండా పట్టి ఉంచే స్టాండు మీద పెట్టడం మంచిది.

ఈ యాప్‌లో అన్నిటికన్నా విలువైనది ఆనియన్ స్కిన్ అనే సౌకర్యం. ఇప్పుడు కెమెరా ముందున్న దృశ్యం మీద, ఇంతకుముందు తీసిన ఫొటోను పలచగా, నీడలా పరిచి చూపిస్తుంది. ఆ నీడ ఎంత చిక్కగా కనిపించాలో మనమే జరుపుకోవచ్చు. మామూలు కెమెరాతో ఫొటోలు తీసి తరువాత వీడియోగా కూర్చేవారికి ఈ సదుపాయం ఉండదు. బొమ్మ ఎంత కదిలిందో వారు ఊహించుకోవలసిందే. మా సిరిమాను ఒక సన్నటి వెదురు పుల్ల. చింతమాను బెరడులా కనిపించేందుకు దానిపైన గోధుమరంగు మట్టిని పలచగా అద్ది, గోటితో గీతలు పెట్టాము. మొదలు దగ్గర ఒక మేకు గుచ్చి, చెక్కతో చేసిన రథానికి బిగించాము. కొసన అగ్గిపుల్లల పీట, దాని మీద బొటనవేలి గోరంత పూజారి. ఆ కొసను పైకెత్తినప్పుడల్లా తెర మీద పాత కొసకూ కొత్త కొసకూ మధ్య సన్నని సందు కనిపించేది. ఆ సందే కదలిక కొలత. పక్కన స్కేలు పెట్టి కొలవవలసిన పని లేదు.

మొదట మేము ప్రతి ఫొటోకూ ఒకే కొలతతో కదిపాము. తీసింది చూడగానే మావాడు, "సిరిమాను అలగ లెగదు గదా పిన్నీ! ముందు మెల్లగ లెగుస్తాది, మజ్జిన జోరుగ పోతాది, పైకెల్లినాక మళ్లీ నెమ్మదిస్తాది" అన్నాడు. యానిమేషన్ నేర్పేవారు ఎంతో ముఖ్యంగా చెప్పే సూత్రం అదే. బరువున్న ఏ వస్తువూ ఒక్కసారిగా వేగం అందుకోదు, ఒక్కసారిగా ఆగిపోదు. అందువల్ల కదలిక మొదట్లో రెండేసి మిల్లీమీటర్లు, మధ్యలో ఆరేసి, చివర్లో మళ్లీ రెండేసి జరపాలి. తెర మీద నీడకూ బొమ్మకూ ఉన్న సందు మొదట ఇరుకుగా, తరువాత వెడల్పుగా, మళ్లీ ఇరుకుగా మారుతూ కనిపిస్తుంది గనుక, ఈ సూత్రం పిల్లలకు మాటలకన్నా ముందు కంటికే అర్థమవుతుంది. ఈ ఒక్క కారణానికే ఈ యాప్‌ను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

వేగం విషయంలో కొత్తవారు కొంత లెక్క చూసుకోవాలి. సినిమాలో క్షణానికి, అంటే సెకనుకు, 24 ఫ్రేములు (విడివిడి చిత్రాలు) నడుస్తాయి. స్టాప్ మోషన్ చేసేవారు తరచుగా ఒక్కొక్క ఫొటోను రెండు ఫ్రేములపాటు నిలుపుతారు గనుక క్షణానికి 12 ఫొటోలతో పని జరిగిపోతుంది. అంటే పది క్షణాల వీడియోకు 120 ఫొటోలు, అర నిమిషానికి 360 అవుతాయి. యాప్‌లో ఈ వేగాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అయితే 12 ఫొటోల వేగానికని కదిపిన బొమ్మను తరువాత 20కి పెడితే అది పరుగెత్తినట్టుంటుంది, 6కి దించితే తడబడుతుంది. కాబట్టి వేగం ముందే నిర్ణయించుకుని ఆ తరువాతే బొమ్మ మీద చెయ్యి వేయాలి. తీసిన ఫ్రేములు ఒక వరుసగా పేర్చి కనిపిస్తాయి. వాటిలో ఒకదాన్ని తొలగించడం, నకలు తీసి పక్కన అతికించడం సులువు. పూజారి బొమ్మ చెయ్యెత్తి దీవిస్తూ ఒక్క క్షణం నిలబడాలంటే కొత్తగా ఫొటోలు తీయనక్కరలేదు. ఆ ఫ్రేముకు నకళ్లు పెడితే చాలు.

ఇక వెలుతురు గురించి వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే కొత్తవారి వీడియోలను ఎక్కువగా పాడుచేసేది ఇదే. ఫోను కెమెరా ప్రతి ఫొటోకూ వెలుతురును, రంగును తనంతట తాను సరిచూసుకుంటుంది. ఎర్రని రథం కెమెరాకు దగ్గరగా వచ్చేకొద్దీ అది లెక్క మార్చుకుంటూ పోతుంది. విడివిడిగా చూస్తే ప్రతి ఫొటో బాగానే ఉంటుంది గాని, వరుసగా నడిపితే తెర మిణుకుమిణుకుమంటుంది. దీనికి మందుగా ఫోకస్‌ను, ఎక్స్‌పోజర్‌ను (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలన్స్‌ను (రంగుల సమతూకం) చేత్తో సరిచేసి స్థిరంగా ఉంచుకునే వీలు యాప్‌లో ఉంది. ఫోను కెమెరా అనుమతించినంత మేరకే ఈ వీలు పనిచేస్తుందని గుర్తుంచుకోవాలి. చవక ఫోన్లలో కొన్ని అమరికలు దొరకకపోవచ్చు. యాప్ చేయలేని పని ఒకటుంది, కిటికీలోంచి వచ్చే ఎండను ఆపడం. దసరాకు ముందు మా జిల్లాలో ఆకాశం గడియకో తీరుగా ఉంటుంది. మబ్బు పట్టినప్పుడొక ఫొటో, విడిచినప్పుడొక ఫొటో తీస్తే వాటిని కలపడం ఎవరి తరమూ కాదు. కిటికీలు మూసి, మందపు దుప్పటి కట్టి, రెండు ఎల్ఈడీ దీపాలతో మాత్రమే తీయాలి.

ఆ దీపాలలోనూ ఒక చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది గనుక, దానితో వెలిగే చాలా దీపాల వెలుగు క్షణానికి 100 సార్లు హెచ్చుతగ్గులకు లోనవుతుంది. ఈ మార్పు కంటికి తెలియదు గాని కెమెరా షట్టరు (వెలుగును లోపలికి వదిలి మూసే ఏర్పాటు) మరీ వేగంగా ఉంటే ఫొటోలో పట్టుబడుతుంది. షట్టరు వేగాన్ని క్షణంలో 50వ వంతుకో, 100వ వంతుకో సరిపెడితే చాలావరకు ఈ బెడద తప్పుతుంది. ఫొటోలు తీసేవారు ముదురు రంగు బట్టలు వేసుకోవడం కూడా మంచి అలవాటు. బల్ల దగ్గర తెల్ల చొక్కాతో అటూ ఇటూ తిరిగితే, ఆ చొక్కా మీద పడి తిరిగొచ్చే వెలుగు ఒక్కో ఫొటోలో ఒక్కో చోట పడుతుంది. కరెంటు పోయి ఇన్వర్టరు మీద గదిలోని మరో దీపం వెలిగినప్పుడు పని ఆపేసి కరెంటు కోసం ఆగడమే ఉత్తమం.

స్టాండు విషయంలో నాకు చేదు అనుభవమే ఎదురైంది. ఊళ్లో ఒక దుకాణంలో కొన్న మొబైల్ స్టాండు చూడటానికి బాగానే ఉంది గాని, ఫోనును పట్టే స్ప్రింగు బిగువు చాలక, వెంట్రుకవాసి చొప్పున ఫోను కిందికి జారుతూ వచ్చింది. తీసేటప్పుడు ఆ జారుడు తెలియలేదు. వీడియో నడిపి చూస్తే వెనకనున్న అట్టముక్కల కోట మొత్తం నేలలోంచి పైకి మొలుస్తున్నట్టు కనిపించింది. మూడు కాళ్ల స్టాండైతే కాళ్లకు ఇటుకలు ఆనించి తాడుతో కట్టాలి. అంతకన్నా బల్ల అంచుకు మరతో బిగించే రకం మేలు. యాప్‌లో, మనం పెట్టిన వ్యవధికి ఒక్కొక్క ఫొటో దానంతట అదే తీసే ఏర్పాటు ఉంది. అయిదు క్షణాలకో పది క్షణాలకో పెట్టుకుంటే తెరను తాకే పనే లేదు, ఫోను కదిలే భయమూ తక్కువ. చెయ్యి తీయడం ఆలస్యమై వేళ్లు ఫొటోలో పడితే ఆ ఫ్రేమును తొలగించుకోవచ్చు. పని మొదలుపెట్టే ముందే ఛార్జరు తగిలించి, ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. మధ్యలో వచ్చే ఒక్క ఫోను కాల్‌తో పని చెడుతుంది.

మట్టి సంగతి క్లుప్తంగా చెబుతాను. బడిపిల్లలు వాడే నూనెమట్టి ఎండిపోదు గనుక ఈ పనికి అనువైనది. అయితే మన ఉక్కపోతకు మెత్తబడి బొమ్మల మెడలు వాలిపోతాయి. కాసేపు ఫ్రిజ్‌లో ఉంచితే గట్టిపడుతుంది. లోపల సన్నని అల్యూమినియం తీగ పెట్టి చేసిన బొమ్మ మరింత నిలకడగా ఉంటుంది.

ఏ బొమ్మతో మొదలుపెట్టాలనేది కూడా ఆలోచించుకోవలసిన విషయమే. ఊరేగింపులో సిరిమానుకు ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ఉంటాయని విజయనగరం వారికి చెప్పనక్కరలేదు. వీటిలో మేము ముందుగా తీసింది తెల్ల ఏనుగు. బండి మీద నిలబెట్టి ముందుకు జరపడమే గనుక కాళ్లు కదిపే శ్రమ లేదు. అన్నిటికన్నా కష్టపెట్టింది బెస్తవారి వల. దోమతెర ముక్కతో చేసిన ఆ వల ఫ్యాను గాలికే కాదు, మన ఊపిరికి కూడా కదిలేది. చివరికి దానికి పలచగా జిగురు రాసి ఆరబెట్టి, అంచులో తీగ దూర్చాక మాట విన్నది. ఫ్యాను ఆపక తప్పదు గనుక తెల్లవారుజామున పని చేసుకోవడం హాయి. భక్తులు సిరిమాను మీదికి విసిరే అరటిపండ్లను పసుపు మట్టితో చేసి, ఒక్కోదాన్ని సన్నని నల్లదారంతో వేలాడదీశాము. వెనక నల్లని తెర ఉంటే ఆ దారం కనబడదు.

యాప్‌లో ఫ్రేములకు శబ్దాన్ని జోడించుకోవచ్చు, మన గొంతునూ రికార్డు చేసుకోవచ్చు. డప్పు మోతకు బొమ్మ అడుగు కలవాలంటే ముందే లెక్క వేసుకోవాలి. క్షణానికి 12 ఫ్రేముల వేగంలో, అర క్షణానికో దెబ్బ పడే దరువుకు ఆరు ఫ్రేములకొక అడుగు. ఈ లెక్క కాగితం మీద రాసుకుని బల్ల పక్కన అంటించుకున్నాక మా పని ఎంతో తేలికైంది.

డబ్బు చెల్లిస్తే వచ్చే సౌకర్యాలలో ముఖ్యమైనవి బొమ్మల వెనక ఆకుపచ్చ తెర కట్టి, ఆ తెర స్థానంలో వేరే దృశ్యాన్ని అతికించడం, మరో ఫోనును కెమెరాగా వాడుతూ దూరం నుంచి ఫొటోలు తీయడం, ఫ్రేముల మీద బొమ్మ గీయడం, 4కే అనే అధిక స్పష్టత గల నాణ్యత. ఇంట్లో రెండో ఫోను ఉన్నవారికి దూరపు కెమెరా నిజంగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఫొటో తీసే ఫోనును చివరిదాకా ముట్టుకోనక్కరలేదు. ఆకుపచ్చ తెరకు మాత్రం సమమైన వెలుతురు కావాలి. దీపాలు సరిగా కుదరనివారికి అది అక్కరకు రాదు. వృత్తిగా చేసేవారు వాడే డ్రాగన్‌ఫ్రేమ్ వంటి సాఫ్ట్‌వేర్‌కు కంప్యూటరు, మంచి కెమెరా, గట్టి ఖర్చు అవసరం గనుక దాని జోలికి ఇప్పుడే పోనవసరం లేదు. ఉచిత యాప్‌తో ఒక నిమిషం వీడియో పూర్తి చేసినవారు, ఆ వీడియోలో తమకు నిజంగా కొరతగా తోచిన సౌకర్యం ఏదో చూసుకుని, దానికోసం మాత్రమే డబ్బు చెల్లించడం నా సలహా.