గ్రే-సూర్-మేర్ తీరాన చర్చిల్ ఏవీఆర్‌ఈ

ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరాన గ్రే-సూర్-మేర్ వద్ద ఆరుబయట నిలిపిన ఈ చర్చిల్ ఏవీఆర్‌ఈని, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనిక ఇంజనీర్లు వాడిన ట్యాంకును, చూడటానికి టికెట్టు అక్కర్లేదు. అయితే దాని చరిత్ర ముందే చదువుకుని వెళ్తేనే ప్రయాణానికి ఫలం దక్కుతుంది. 1944 జూన్ 6న, మిత్రరాజ్యాల సేనలు నార్మండీలో దిగిన రోజున, ఇది నీటితో నిండిన గుంతలో కూరుకుపోగా, దాని మీదుగానే వంతెన వేసి ఆ సేనలు ముందుకు సాగాయి. 1976లో గానీ దీనిని వెలికితీయలేదు. 1942లో ఫ్రాన్స్‌లోని డియెప్ రేవుపై మిత్రరాజ్యాలు జరిపిన దాడిలో సైనిక ఇంజనీర్లు శత్రువుల కాల్పులకు రక్షణ లేక నేలకొరిగిన అనుభవమే ఈ వాహనానికి మూలం. ఏవీఆర్‌ఈ అనే పేరులోని తొలి అక్షరం మొదట ‘అసాల్ట్’కు, తరువాత ‘ఆర్మర్డ్’కు గుర్తు, రెండోది ‘వెహికల్’కు, చివరి రెండూ బ్రిటిష్ సైన్యపు ఇంజనీరింగ్ దళమైన రాయల్ ఇంజనీర్స్‌వి. కాంక్రీటు గోడలను బద్దలుకొట్టే 290 మి.మీ. పెటార్డ్ అనే మోర్టారును తిరిగి నింపేందుకు సైనికుడు చేతులు ట్యాంకు బయటపెట్టాల్సి రావడం మాత్రం, నా దృష్టిలో, క్షమించరాని లోపం.