విమాన వోచర్ ముందే కొనాలా, టికెట్ రోజే డబ్బు కట్టాలా?

వరంగల్ నుంచి విమానం ఎక్కాలంటే శంషాబాద్ దాకా పోవాల్సిందే, ఆ ఖర్చు ఎలాగూ తప్పదు. మిగిలేదేమైనా ఉంటే టికెట్ దగ్గరే.

వోచర్ అంటే ముందే డబ్బు కట్టి కొనుక్కుని, తర్వాత టికెట్‌కు వాడుకునే కూపన్. 5 శాతం తగ్గింపుతో 10,000 రూపాయల వోచర్ 9,500కు దొరికిందనుకోండి. టికెట్ 10,000 దాటితే 500 మిగిలినట్టే. టికెట్ 8,200 అయితే? మిగతా 1,800 గడువులోపు వాడకపోతే పోతాయి, అంటే 8,200 టికెట్‌కు 9,500 పెట్టినట్టు. అందుకే టికెట్ ధర చూశాకే, దానికి మించకుండా వోచర్ కొనాలి. గడువు, ఒక్కసారే వాడాలా, మిగతాది ఖాతాలో ఉంటుందా అన్న మూడూ ముందే చదవండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

కార్డుతో నేరుగా కడితే తగ్గింపు రాకపోవచ్చు. కానీ రద్దు చేస్తే కోతలు పోను డబ్బు కార్డుకే వస్తుంది. దాన్ని తర్వాతి టికెట్ కోసం విమాన సంస్థ దగ్గరే క్రెడిట్‌గా ఉంచుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టమేనని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. వోచర్‌తో కడితే సాధారణంగా మళ్లీ వోచరే.

పైగా 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ విమాన సంస్థలు ఆగిపోయాయి. ముందే కట్టిన డబ్బుకు అదే అసలు ప్రమాదం. ఏటా రెండు మూడుసార్లు ఒకే సంస్థలో దుబాయ్ వెళ్లొచ్చే కరీంనగర్, జగిత్యాల వాళ్లకు వోచర్ లాభమే. ఏడాదికోసారి ఎక్కేవాళ్లకు కార్డే మేలు.