ఒకసారి ఆగడమా, రెండుసార్లా: 2019 హంగరీ రేసు
ఈ ఫార్ములా వన్ కార్ల రేసులో తన తొలి పోల్ స్థానం (అందరికంటే ముందుండే ఆరంభ స్థానం) నుంచి బయలుదేరిన రెడ్ బుల్ జట్టు డ్రైవర్ వెర్‌స్టాపెన్ 25వ ల్యాప్‌లో (చుట్టులో) టైర్లు మార్చుకోవడానికి ఒక్కసారే ఆగి, ఎక్కువసేపు మన్నే హార్డ్ టైర్లతోనే చివరిదాకా నిలవాలనుకున్నాడు. ముందున్న కారును దాటడం కష్టమైన హంగరోరింగ్ ట్రాక్‌పై అది సహేతుకమైన ఆలోచనే. మెర్సిడెస్ జట్టు మాత్రం రెండో స్థానంలో ఉన్న తన డ్రైవర్ హామిల్టన్‌ను 48వ ల్యాప్‌లో రెండోసారి పిలిచి, హార్డ్ కంటే వేగమిచ్చే మీడియం టైర్లు వేయగా, అతడు దాదాపు 20 సెకన్ల దూరాన్ని కరిగించి, మొత్తం 70 ల్యాప్‌లలో 67వ ల్యాప్‌లో ముందుకు దూసుకెళ్లాడు. ఫెరారీ జట్టు కార్లు ఎంతో వెనుక ఉన్నందున, రెండోసారి ఆగినా అతడి రెండో స్థానానికి ముప్పు లేదు. వెంటనే తానూ ఆగితే ఆధిక్యం పోయే ప్రమాదం ఉన్న వెర్‌స్టాపెన్‌కు ఆ వెసులుబాటు లేదు. అందుకే రెడ్ బుల్ నిర్ణయాన్ని తప్పుపట్టడం నా దృష్టిలో అన్యాయం. అయినా మెర్సిడెస్ తెగువే నాకు ఎక్కువ ఇష్టం.