ఆయాలను కుదిర్చే ఏజెన్సీ: మనిషి ఎంపిక బాగుంది, సెలవుల షరతు బాగాలేదు

పాపకు ఎనిమిదో నెల రాగానే నేను తిరిగి ఉద్యోగంలో చేరవలసి రావడంతో, కూకట్‌పల్లిలోని మా ఇంట్లో ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరున్నర వరకు ఉండే ఆయా కోసం గత ఆగస్టులో ఒక ఏజెన్సీని ఆశ్రయించాము. సర్వీస్ ఛార్జి కింద ఒక నెల జీతమంత తీసుకున్నా, మనిషిని చూపించడంలో వారు ఏ లోపమూ చేయలేదు. ఆధార్ కార్డు, ఆరోగ్య పరీక్షల కాగితాలు, అంతకుముందు పనిచేసిన ఇళ్ళవారి ఫోన్ నంబర్లు ముందే ఇచ్చారు. వనపర్తి వైపు నుంచి వచ్చిన అక్క దగ్గర పాప మూడో రోజుకే ఏడుపు మానింది.

ఇబ్బందంతా పదకొండు నెలల ఒప్పందం రెండో పేజీలో ఉంది. నెలకు రెండు ఆదివారాలు తప్ప, కారణమేదైనా సరే, పనిలో లేని ప్రతి రోజుకూ జీతం కోత అని అందులో ఉంది. నెల జీతం 18,000 రూపాయలు కనుక రోజుకు 600 అన్నమాట. ఆ వాక్యం బరువు నాకు జనవరిలోగానీ తెలియలేదు. సంక్రాంతికి మేమే తెనాలి వెళ్ళి ఐదు రోజులు ఇంటికి తాళం వేశాము; నెలాఖరులో అక్క జ్వరంతో రెండు రోజులు రాలేదు. ఏజెన్సీ పంపిన లెక్కలో ఏడు రోజులకు 4,200 పోగా 13,800 మిగిలింది. మా ప్రయాణానికి ఆవిడ జీతం ఎందుకు తగ్గాలని అడిగితే, పని లేదు కాబట్టి జీతం లేదని సూపర్‌వైజర్ చెప్పారు. పండక్కి మేము ఊరెళ్తే మా ఆఫీసులు మా జీతం ఆపలేదు కదా.

నిజానికి జ్వరం వచ్చిన మొదటి రోజు అక్క పనిలోకి వచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం కట్టుకొని, పాపను ఎత్తుకోకుండా చాప చివర కూర్చోబెట్టి, దూరం నుంచే గిలక ఆడిస్తోంది. చేయి పట్టుకుంటే కాలిపోతోంది. ఎందుకొచ్చావక్కా అంటే, "రాకుంటే ఆరు వందలు పోతయి గద మేడం" అంది. రెండు రోజుల తర్వాత పాపకూ జ్వరం వచ్చింది. పసిబిడ్డను చూసుకునే మనిషికి జీతంతో కూడిన జబ్బు సెలవు ఇవ్వడం బిడ్డ ఆరోగ్యం కోసం కూడా అవసరమని ఆ వారం నాకు బాగా అర్థమైంది.

ఎన్ని రోజులు ఇవ్వాలో తేల్చుకోవడానికి చట్టంలో చూస్తే ఇంటి పనివారికి నేరుగా వర్తించే సెలవుల నియమం నాకు కనిపించలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడిక వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతినీ, జీతంతో కూడిన వార్షిక సెలవునూ చెబుతుంది కానీ, మన దేశం దాన్ని ధ్రువీకరించలేదు. అందుకని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పెట్టిన కొలత, అంటే ఇరవై రోజుల పనికి ఒక రోజు సెలవు, మాకు న్యాయంగా తోచింది. ఏడాదికి సుమారు 300 రోజులు పనిచేసే అక్కకు ఆ లెక్కన 15 రోజులు వస్తాయి. వాటికి తోడు జబ్బు చేస్తే ఏడు రోజులు, ప్రతి ఆదివారం సెలవు, మేము ఊరెళ్ళిన రోజులకు పూర్తి జీతం అని తెలుగులో ఒక కాగితం మీద రాసి, అక్కకు చదివి వినిపించి, ఇద్దరమూ సంతకాలు పెట్టాము. కోసిన 4,200 మేమే ఆవిడ చేతికిచ్చాము. బతుకమ్మకు నాలుగు రోజులు కావాలని అప్పుడే చెప్పింది. ఆ రోజులకు మా అత్తగారు వస్తానన్నారు.

సెలవు రోజుల్లో మరో మనిషిని పంపుతామని ఏజెన్సీ చెప్పే సదుపాయం మాకు ఉపయోగపడలేదు, కొత్త ముఖం చూస్తే పాప పాలు కూడా తాగదు. మనిషిని కుదిర్చినందుకు ఐదుకు నాలుగు, సెలవుల షరతుకు ఒకటి ఇస్తాను. మా కాగితాన్ని ఒప్పందానికి జతచేయడానికి మేనేజర్ ఒప్పుకున్నారు కానీ, అచ్చులో ఉన్న షరతు మార్చడం కుదరదన్నారు. జూలైలో గడువు ముగిసేలోగా ఆ రెండో పేజీ మారితేనే వారి ద్వారా ఒప్పందం కొనసాగిస్తాము.