పొలం గట్టున వర్షమాపకం: రెండు ఖరీఫుల అనుభవం

చీపురుపల్లి వైపు మా ఊరిలో చెరువు కింద రెండెకరాల పల్లం, దానికి ఎగువన ఎకరం మెట్ట మాకున్నాయి. 2023 ఆగస్టు, 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశమంతటికీ అతి తక్కువ వాన కురిసిన ఆగస్టుగా నమోదైంది. పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానలను తగ్గించే ఎల్ నినో బలపడుతున్న ఆ రోజుల్లో, ఉభాలు (వరి నాట్లు) పూర్తయిన మడి నెర్రెలు విచ్చుతుంటే, మా పొలంలో ఎంత వాన పడిందో చెప్పగల అంకె ఒక్కటీ నా దగ్గర లేకపోయింది. మరుసటి వేసవిలో విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక దుకాణంలో ఆరువందల రూపాయలకు ప్లాస్టిక్ వర్షమాపకం కొన్నాను.

పరికరం సాదాసీదాది: పైన గరాటు, కింద మిల్లీమీటర్ల గీతలున్న డబ్బా. గరాటు నోటి వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు కనుక 100 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే మట్టం 10 మిల్లీమీటర్ల గీతను తాకాలి. మందుల షాపులో తెచ్చిన సిరంజితో కొలిచి పోసి చూశాను, సరిగ్గా అక్కడికే వచ్చింది. దగ్గరలోని తాటిచెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో రాట పాతి బిగించి, వాతావరణ శాఖ పద్ధతిలోనే రోజూ ఉదయం 8:30 గంటలకు చూసి, తేదీ పక్కన కార్తె పేరుతో సహా పుస్తకంలో రాస్తున్నాను.

ఆ పుస్తకమే నా కళ్లు తెరిపించింది. వాతావరణ శాఖ లెక్కలో కనీసం 2.5 మిల్లీమీటర్లు కురిస్తేనే అది వాన పడిన రోజు. మొదటి ఏడాది ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో రోజూ వాన పడుతోందని ఇంటిల్లిపాదీ అనుకున్నాం గాని, తీరా చూస్తే వాటిలో చాలావరకు ఒకటి రెండు మిల్లీమీటర్ల తుంపరలే. ఎండ కాసిన రోజున వరిమడి నుంచి అంతకంటే ఎక్కువ నీరు ఆవిరైపోతుంది. రెండో ఏడాది మఖ, పుబ్బల మధ్య వరుసగా పదిహేడు రోజులు సున్నాలు రాశాను. ఆ తర్వాత ఒక్క రాత్రి అల్పపీడనానికి డబ్బా నిండి పొర్లింది. జిల్లా వర్షపాతం సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉంటే దాన్ని సాధారణమనే అంటారు కనుక, అలాంటి ఒక్క రాత్రి వాన కాగితం మీద లోటును పూడ్చేయగలదు. బెట్టలో మాడిపోయిన పిలకలు మాత్రం మాకు తిరిగి రాలేదు. కరవు మండలాలను నిర్ణయించేటప్పుడు మొత్తం లోటుతో పాటు వానల మధ్య ఎడాన్ని కూడా ఎందుకు చూస్తారో ఆ సున్నాల వరుస చూశాకే నాకు బోధపడింది.

రోజువారీ ప్రయోజనం కూడా తక్కువేమీ కాదు. ఎకరంపై ఒక మిల్లీమీటరు వాన అంటే దాదాపు 4,047 లీటర్ల నీరు. ఒక ఉదయం 20 మిల్లీమీటర్లు కనిపించినప్పుడు, మా రెండెకరాలకు లక్షా అరవై వేల లీటర్లకు పైగా వచ్చిందని లెక్క వేసి, పక్క రైతుకు చెప్పి చెరువు మదుము (తూము) మూయించాం. అదే రాత్రి గెడ్డకు అవతలి ఊరిలో దుమ్ము కూడా తడవలేదు.

లోపాలు ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది డబ్బా 100 మిల్లీమీటర్లకే నిండిపోవడం. 115.6 మిల్లీమీటర్లు దాటితే అతి భారీ వర్షమంటారు. 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను తీరం దాటిన ఈ ప్రాంతంలో అమ్మే పరికరం కనీసం దాన్నయినా కొలవగలగాలి. పొర్లిపోయిన ఆ రాత్రి ఎంత కురిసిందో నాకు ఎప్పటికీ తెలియదు. ఇప్పుడు తుపాను హెచ్చరిక వస్తే అర్ధరాత్రి గొడుగు, టార్చిలైటు పట్టుకుని వెళ్లి, అంకె రాసుకుని డబ్బా ఖాళీ చేసి వస్తున్నాను. గీతల రంగు రెండో వేసవికే వెలిసిపోతే గోరుతో తడిమి, చెరగని మార్కరుతో దిద్దుకున్నాను. దుకాణంలో అడిగితే దీనికి గ్యారంటీ లేదన్నారు. గరాటులో ఆకులు ఇరుక్కుంటాయి కాబట్టి రెండు రోజులకొకసారి తుడవాలి. వాడకం కాగితం ఒక్క ఇంగ్లీషులోనే ఉండడం రైతుల కోసం చేసిన వస్తువుకు తగని పని.

అయినా చెరువు కింద సాగు చేసే ప్రతి రైతూ ఇలాంటిది ఒకటి కొనుక్కోవాలని గట్టిగా చెబుతాను. కొనేటప్పుడు గీతలు అచ్చులోనే పోసినవో, పైన రంగుతో వేసినవో చూసుకోండి. మా ఆయకట్టు రైతులం నలుగురం చందాలు వేసుకుని, 200 మిల్లీమీటర్లు పట్టేదాన్ని తొలకరిలోపు చెరువు గట్టున పెట్టాలనుకుంటున్నాం.