జీసీసీ ‘-హెచ్’ ఆప్షన్: హెడర్ల పేచీ తేల్చడంలో దీనికి సాటి లేదు

యునిక్స్ యంత్రాల మీద ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను సోర్సు నుంచి కంపైల్ చేసుకోవడం (రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చుకోవడం) నాకు ఏళ్ల నాటి అలవాటు. హెడర్లు, అంటే సోర్సు ఫైళ్లు తమలో కలుపుకునే ప్రకటనల ఫైళ్లు, ఒకదానితో ఒకటి ఢీకొన్న ప్రతిసారీ నేను మొదట ఆశ్రయించేది జీసీసీ అనే కంపైలర్‌లోని ‘-హెచ్’ ఆప్షన్‌నే. ఇక్కడ హెచ్ పెద్ద అక్షరం. దీన్ని జోడిస్తే కంపైలర్ తాను చదివిన ప్రతి హెడర్ ఫైలునూ పాత్‌తో సహా వరుసగా చూపిస్తుంది. పేరు ముందున్న చుక్కలను బట్టి ఏ హెడర్ ఎవరి వెంట వచ్చిందో తెలిసిపోతుంది.

దీని విలువ తెలియడానికి ఐకాన్వ్ పేచీ ఒక్కటి చాలు. లినక్స్‌లో అక్షరాల ఎన్‌కోడింగ్ మార్చే ఈ ఫంక్షన్లు సాధారణంగా గ్లిబ్‌సీ అనే మూల సీ లైబ్రరీలోనే ఉంటాయి. వాటికి తోడు అదే పని చేసే గ్నూ లిబ్‌ఐకాన్వ్ అనే విడి లైబ్రరీ కూడా /యూఎస్ఆర్/లోకల్‌లో ఉందనుకోండి. దాని హెడర్ ‘ఐకాన్వ్_ఓపెన్’ పేరును మాక్రోతో (ఒక పేరు బదులు మరొకటి పెట్టే నిర్వచనంతో) ‘లిబ్‌ఐకాన్వ్_ఓపెన్’గా మార్చేస్తుంది. జీసీసీ సాధారణంగా /యూఎస్ఆర్/ఇంక్లూడ్ కంటే ముందు /యూఎస్ఆర్/లోకల్/ఇంక్లూడ్‌లో వెతుకుతుంది కాబట్టి ఆ హెడరే చేతికి చిక్కుతుంది. కంపైల్ సాఫీగా సాగి, తీరా ముక్కలన్నీ కలిపే లింకు దశలో ‘లిబ్‌ఐకాన్వ్_ఓపెన్’ లేదంటూ పని ఆగిపోతుంది. ప్రోగ్రామ్ సోర్సంతా గాలించినా ఆ పేరు కనిపించదు! అదే ఫైలును ‘-హెచ్’తో మళ్లీ కంపైల్ చేస్తే, ఒక్క చుక్క పక్కన /యూఎస్ఆర్/లోకల్/ఇంక్లూడ్/ఐకాన్వ్.హెచ్ అని కనబడుతుంది. చిక్కు అక్కడితో విడిపోయినట్లే. ఆ లైబ్రరీని కూడా లింకు చేయాలి, లేదా దాన్ని తొలగించి, పాత ఫలితాలను తుడిచే ‘మేక్ క్లీన్’ తర్వాత మొదటి నుంచి కట్టాలి. పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు (ముందే కంపైల్ అయిన ముక్కలు) మిగిలిపోతే అవి పాత పేరునే పట్టుకుని ఉంటాయి.

లోపాలూ ఉన్నాయి. ఈ జాబితా హెచ్చరికలు వచ్చే ఎర్రర్ స్ట్రీమ్‌లోకే వస్తుంది. కంపైల్ పనులను నడిపించే మేక్‌ను సమాంతరంగా నడిపితే అంతా కలగాపులగమే. అందుకే విఫలమైన ఒక్క ఆదేశాన్నే కాపీ చేసి విడిగా నడుపుతాను.

ఏ ఫైలు దొరికిందో చెబుతుంది గానీ అదే ఎందుకు దొరికిందో ‘-హెచ్’ చెప్పదు. దానికి ‘-వీ’ (చిన్న అక్షరం) కావాలి. డైరెక్టరీలను వెతికే వరుస అందులో ఉంటుంది. జీసీసీ 6 తర్వాత ఇది మరీ అవసరమైంది. కొన్ని బిల్డ్ స్క్రిప్టులు ఆ డైరెక్టరీలో కూడా హెడర్లు వెతకమని ‘-ఐసిస్టమ్ /యూఎస్ఆర్/ఇంక్లూడ్’ అని చేరుస్తాయి. దాంతో వరుస తారుమారై, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ తన తర్వాతి డైరెక్టరీలలో స్టడ్‌లిబ్.హెచ్ అనే సీ హెడర్ కోసం వెతికి దొరకలేదంటుంది. ఫైలేమో ఉండవలసిన చోటే భద్రంగా ఉంటుంది. ఆ ఒక్క మాట తీసేస్తే పని జరిగిపోతుంది. ఇలాంటి స్క్రిప్టులు రాసేవారు ఈ చేర్పు మానుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

మాక్రో ఎక్కడ పుట్టిందో తేల్చాలంటే ‘-ఇ’కి (పెద్ద అక్షరం) ‘-డీడీ’ జోడించాలి. మొదటి డీ చిన్నది, రెండోది పెద్దది. కంపైల్‌కు ముందు నడిచే ప్రీప్రాసెసర్ ఫలితంలో ప్రతి మాక్రో నిర్వచనమూ అలాగే నిలిచి ఉంటుంది, పైన ఫైలు పేరు, లైను సంఖ్య ఉంటాయి. చాంతాడంత ఫలితం వస్తుంది కాబట్టి నేరుగా చదవకుండా ఫైలులో దాచి గ్రెప్ అనే ఆదేశంతో వెతకడం మేలు.

క్లాంగ్ అనే మరో కంపైలర్ కూడా ‘-హెచ్’ను అర్థం చేసుకుంటుంది. అందువల్ల ఫ్రీబీఎస్‌డీ, మాక్ మీదా ఇదే పద్ధతి నాకు పనికొస్తోంది.