విమానం రెక్కకి ఏ చెక్క? దానిపై ఏ పూత?

గోదావరి జిల్లాల్లో మంచి చెక్క అంటే టేకే. కోరంగి వైపు పడవలు కట్టే మేస్త్రీని అడిగినా, రాజమండ్రి అడితిలో అడిగినా అదే మాట. ఇంట్లో కట్టుకున్న చిన్న విమానాన్ని విప్పి మళ్ళీ కట్టేటప్పుడు కూడా స్పార్‌కి, అంటే రెక్కని మోసే దూలానికి, టేకు వేద్దామనే అనిపిస్తుంది. వద్దు. పడవ బరువుని నీళ్ళు మోస్తాయి, విమానం బరువుని ఇంజను బలంతో రెక్కలే గాలిలో మోయాలి. పైగా టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు.

నాలుగున్నర మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల ఎత్తు, రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్న స్పార్లు నాలుగు అనుకోండి. సిట్కా స్ప్రూస్ అనే తేలికపాటి విదేశీ చెక్కతో చేస్తే సుమారు 29 కిలోలు, డగ్లస్ ఫర్ అనే మరో విదేశీ చెక్కతో 36, టేకుతో 44. ఫర్ బలంలో స్ప్రూస్‌ని మించుతుంది కానీ చిత్రిక పడుతుంటే పేడు లేస్తుంది, మేకు దగ్గర చీలుతుంది. స్పార్ వరకూ నా ఓటు స్ప్రూస్‌కే, బయటి దేశం నుంచి తెప్పించాల్సి వచ్చినా సరే. డబ్బు కుదరకపోతే ఫర్ వాడొచ్చు. అయితే బలం ఎక్కువ కదా అని మందం తగ్గించకూడదు, ప్లాన్ గీసినవారు ఒప్పుకుంటే తప్ప.

ఏది కొన్నా చూడాల్సింది నార వాలు. 15 అంగుళాల పొడవులో నార ఒక అంగుళానికి మించి పక్కకి జారితే ఆ పలక స్పార్‌కి పనికిరాదు. స్ప్రూస్‌లో అయితే చెట్టు ఏటా పెరిగిన వలయాలు అంగుళానికి కనీసం 6 ఉండాలి.

మన దగ్గర అసలు టెన్షన్ పూతతోనే. గాలిలో తేమ 80 శాతం దగ్గర నిలిచిపోతే చెక్కలో తేమ 15, 16 శాతానికి చేరుతుంది. ఏ పూతా దీన్ని ఆపలేదు, నెమ్మదింపజేస్తుందంతే. మరి ఏ పూత? ఒక డబ్బాలో వచ్చే మామూలు వార్నిష్ చవక, పూయడం తేలిక. కానీ రెక్క చెక్క పైన కప్పే గుడ్డని అంటించే జిగురులోని ద్రావకం తగిలితే ఉబ్బి ఊడొస్తుంది. రెండు డబ్బాలు కలిపి పూసే ఎపాక్సీ వార్నిష్ ఆ ద్రావకానికి తట్టుకుంటుంది. గుడ్డ కింద ఉండే చెక్కకి అదే మేలు.

ఎపాక్సీతో చిక్కు రెండు చోట్ల. తేమ రోజుల్లో కొన్ని రకాలు ఆరాక పైన జిడ్డు పొర కడతాయి, దాన్ని నీళ్ళతో కడిగి తుడిచాకే రెండో పూత వెయ్యాలి. పొద్దున పూస్తే ఎండెక్కుతున్న చెక్క గాలి వదిలి పూతలో బుడగలు లేపుతుంది. అందుకే సంక్రాంతి దాటాక, పొడి రోజు చూసుకుని, మధ్యాహ్నం మూడు దాటాక పని పెట్టుకోవడం మంచిది. శ్రావణ మాసంలో మొదలుపెట్టేవాళ్ళకి ఓ దండం.

చెక్క కొసలు నీటిని ఎక్కువగా తాగుతాయి కాబట్టి అక్కడ అదనపు పూతలు, బోల్టు రంధ్రాల లోపల కూడా. జిగురు పెట్టే చోట మాత్రం పూత పడకూడదు.

ఎండ తగిలే ప్రొపెల్లర్‌కి ఎపాక్సీ ఒక్కటే చాలదు, ఎండకి పాడవుతుంది. అక్కడ ఎండని తట్టుకునే పాలీయురెథేన్ వార్నిష్‌దే పైచేయి. ఏది పూసినా రెక్క అడుగున నీరు కారిపోయే రంధ్రాలు తెరిచే ఉండాలి. గుడ్డ అంటించేటప్పుడు అవే ముందు మూసుకుపోతాయి.